అడగడం రాని హీరో

వాడి పేరు రాయను. మర్యాద కోసం కాదు, నా చేత్తో వాడికి మరోసారి ప్రచారం చేయడం ఇష్టం లేక. ‘అతను’ అనడానికి కూడా మనసొప్పడం లేదు కాబట్టి, ఇక్కడ వాడు అనే రాస్తాను.

నేను హామిల్టన్‌లో ఒక హాస్పిటల్ రిసెప్షన్‌లో పనిచేస్తాను. సెలవు రోజుల్లో రైలెక్కి టొరంటో వెళ్ళి, సినిమాలకీ సిరీస్‌లకీ నటుల్ని ఎంపిక చేసే ఆఫీసులో రీడర్‌గా ఉంటాను. ఆడిషన్‌కి వచ్చినవాళ్ళు కెమెరా ముందు నటిస్తుంటే, ఎదుటి పాత్ర మాటల్ని నేను కెమెరా పక్కన నిలబడి చదవాలి. వీడియోలో నా మొహం పడదు. ఈ పనిలో నాకున్న అనుభవం ముంబైలో వాడి దయవల్ల వచ్చిందే.

మా నాన్నది రైల్వే ఉద్యోగం. ఊరూరా క్వార్టర్లలో పెరగడం వల్ల నాకు హిందీ తెలుగంత సులువుగా వచ్చు. ఆ ధైర్యంతోనే ముంబై వెళ్ళి, ఎన్నో గడపలు తొక్కాక, ఒక సినిమాలో హీరో చెల్లెలి వేషాన్ని ఆడిషన్‌లో గెలిచి తెచ్చుకున్నాను. హీరో ఆడిషన్ ఇవ్వలేదు. నిర్మాత వాడి తండ్రి మరి.

వాడికి డైలాగులు గుర్తుండేవి కావు. నేర్చుకుని రమ్మని అనే ధైర్యం ఎవరికీ లేదు. అక్కడ దానికొక పద్ధతి ఉంది. ఒక అసిస్టెంట్ కెమెరా పక్కన నిలబడి ఒక్కో మాటా మెల్లగా అందిస్తాడు, హీరో దాన్నే తిరిగి అంటాడు, ఆ తర్వాత డబ్బింగ్‌లో అంతా సర్దేస్తారు. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. ఆ అసిస్టెంట్ జ్వరమని రాని రోజున, హిందీ శుభ్రంగా ఉందని నన్ను నిలబెట్టారు. ఈ ఒక్కరోజే అన్నారు. ఆ ఒక్కరోజు షూటింగ్ అయ్యేదాకా సాగింది. మాట మర్చిపోతే వాడు నోరు విప్పి అడిగేవాడు కాదు. రెండు కనుబొమ్మలూ కొంచెం పైకెత్తేవాడు. అంటే ఇవ్వు అని. నేను ఇచ్చేదాన్ని.

నాకున్న పెద్ద సీను ఒకటే. అన్న చేసిన మోసం తెలిసి చెల్లెలు నిలదీసే సీను. ముందు వాడి క్లోజప్పులు తీశారు. వాడి కళ్ళలో కాస్తయినా తడి రావాలని, కెమెరా పక్కన నిలబడి నిజంగానే ఏడుస్తూ క్యూలు, అంటే వాడు అందుకోవాల్సిన నా మాటలు, ఇచ్చాను. నా క్లోజప్ వచ్చేసరికి వాడు అలిసిపోయానంటూ తన వ్యాన్‌లోకి వెళ్ళిపోయాడు. ఎదుటివాళ్ళ క్లోజప్‌కి నిలబడటం ఏ నటుడికైనా కనీస ధర్మం. అయినా వాణ్ణి పిలవడానికి ఎవరూ కదల్లేదు. ఒక లైటు స్టాండుకి నల్ల టేపు ముక్క అంటించి, “మేడమ్, మీ అన్నయ్య ఇక్కడున్నాడనుకోండి” అన్నారు. నేను ఆ టేపు ముక్కని నిలదీశాను.

సినిమా విడుదలయ్యాక చూస్తే ఆ సీనంతా వాడి మొహమే. నాది వీపూ, గొంతూ. తర్వాతి సినిమాలో చెల్లెలి వేషం వాడి చిన్నాన్న కూతురికి ఇచ్చారు. నాకూ ఫోన్ వచ్చింది, ఆ పిల్లకి ప్రాంప్టింగ్ ఇవ్వడానికి రమ్మని. కరివేపాకునైనా ఒక్కసారే తీసి పారేస్తారు. నన్ను ఏరుకొచ్చి ఇంకో కూరలో వేయాలని చూశారు.

వెళ్ళలేదు. పెళ్ళయింది, కెనడాలో ఉండిపోయేందుకు పీఆర్ వచ్చింది, ఇంటి ముందు మంచు ఎత్తిపోయడం నేర్చుకున్నాను. మర్చిపోవడం మాత్రం నేర్చుకోలేదు. వాడి సినిమా ఫ్లాపయిందని తెలిసినప్పుడల్లా సేమ్యా పాయసం వండాను. మావారు కొన్నాళ్ళకి కారణం అడగడం మానేసి గిన్నె తెచ్చుకునేవారు.

మొన్న చలికాలం చివర్లో, మర్నాటి ఆడిషన్ల ఈమెయిల్‌లో వాడి పేరు కనబడింది. ఇక్కడి సిరీస్ ఒకదానిలో అన్న పాత్ర. అక్కడ వేషాలు ఆగిపోయి ఇక్కడ మొదలుపెడదామని వచ్చినట్టున్నాడు. మేనేజర్ పంపిన పరిచయంలో మొదటి వాక్యమే ఫలానా నిర్మాత కుమారుడని. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. ఆఫీసు నడిపే ఆవిడ నాకు ఫోన్ చేసి, ఈ తండ్రెవరో తనకు తెలిసి ఉండాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఆ మాట అంటుంటే నోరు తీపెక్కింది.

మావారు మాత్రం గొణిగారు. “వేరే రీడర్‌ని పెట్టుకోమని చెప్పరాదూ? ఇంత కక్ష పెట్టుకుని వెళ్ళడమెందుకు? ప్రే చేసుకుని వదిలెయ్.”

“ప్రే చేసుకునే వెళ్తానండీ. వాడికి ఆ రోల్ రాకూడదని.”

“అలాంటి ప్రేయర్లు ఆయన వినడు.”

“వినకపోతే మానె. నేనున్నాగా.”

చప్పగా చదివి వాడి సీను పాడుచేయడం నాకు చిటికెలో పని. కానీ అప్పుడు రీడర్ వల్లే పోయిందని చెప్పుకుంటాడు. ఆ సాకు కూడా వాడికి దక్కకూడదు. అందుకని నా జీవితంలో ఎప్పుడూ చదవనంత బాగా చదవాలని నిశ్చయించుకుని వెళ్ళాను.

వచ్చాడు. జుట్టు పలచబడింది, సెంటు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టలేదు. కెమెరా ముందు నిలబడ్డాడు, నేను నా చోట నిలబడ్డాను. తనకు చెప్పకుండా అమ్మ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టిన అన్నని చెల్లెలు నిలదీసే సీను. మళ్ళీ నిలదీయడమే! ఈసారి ఎదురుగా టేపు ముక్క కాదు, వాడే ఉన్నాడు. దాచుకున్నదంతా గొంతులోకి తెచ్చుకుని అడిగాను. వాడి కళ్ళు కూడా చెమర్చాయి. నోరు తెరిచాడు. మాట రాలేదు.

కనుబొమ్మలు రెండూ పైకి లేచాయి.

నన్ను మర్చిపోయాడు గానీ, కెమెరా పక్కనున్న మనిషి దేనికో ఆ కనుబొమ్మలకి గుర్తుంది. వాడి వాక్యం నా చేతిలోని కాగితం మీదే ఉంది. ఇక్కడ నటుడు మాట మర్చిపోతే ‘లైన్’ అని అడుగుతాడు. అడిగితే రీడర్ ఇచ్చి తీరాలి, నేనూ ఇచ్చేదాన్ని. అడగకపోతే ఇవ్వకూడదు, ఎందుకంటే అది మరుపో, నటనలో భాగమో రీడర్‌కి తెలియదు. నాకు తెలుసు. వాడి మొహంలోకి సూటిగా చూస్తూ, చెల్లెలిలాగే జవాబు కోసం ఎదురుచూశాను. కనుబొమ్మలు ఇంకాస్త లేచాయి. లోపల నాకు పండగలా ఉంది. జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆఫీసు నడిపే ఆవిడ సీనుని మళ్ళీ మొదలుపెట్టించింది. మళ్ళీ అక్కడే ఆగాడు. నోరు విప్పి ఒక్క మాట అడిగితే సరిపోయేది. పుట్టి బుద్ధెరిగాక దేన్నీ అడిగి తీసుకోని మనిషికి ఆ మాట ఎలా తడుతుంది? వచ్చినందుకు థాంక్స్ చెప్పి ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

నీళ్ళ కోసం కారిడార్‌లోకి వస్తే వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి హిందీలో అన్నాడు, “మీరు మనవాళ్ళలాగే ఉన్నారు. నేను ఆగిపోయినప్పుడు మాట అందించొచ్చుగా?”

“మీరు అడగలేదుగా” అన్నాను, నేనూ హిందీలోనే.

నా గొంతు విని తల పక్కకు వాల్చాడు. “మిమ్మల్ని ఎక్కడో చూశాను కదూ?”

“లేదండీ. నా క్లోజప్‌కి మీరు లేరు.”

తర్వాతి మనిషికి క్యూ ఇవ్వాలి కనక లోపలికి వెళ్ళిపోయాను.