మజ్జిగ మిషన్లు

పెళ్ళయి ఆనేకల్ నుంచి బెంగళూరు పేటలోకి కాపురానికి వచ్చేసరికి, మా అత్తవారింట్లో మనుషుల కన్నా మిషన్లే ఎక్కువగా ఉండేవి. ఇళ్ళలో రవికలు కుట్టుకునే నాజూకు మిషన్లు కావవి. గుడారాల గుడ్డ, గోనెలు, తోలు సంచులు, జట్కా గుర్రాల పట్టీలు కుట్టే మొద్దు మిషన్లు. ఒక్కోదాన్ని కదపాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. మిల్లుల్లో, దొరల టైలరు షాపుల్లో అరిగిపోయి మూలపడ్డవాటిని మా మామ కొనుక్కొచ్చి, విప్పి, కడిగి, బాగుచేసి అమ్మేవాడు. వీధివైపు గది షాపు, దాని వెనక వంటిల్లు, మధ్యన ఒక తలుపు. నేను పెట్టిన చారులో కూడా కిరసనాయిలు వాసన వస్తోందని మా ఆయన సణిగేవాడు. ఆయన మిల్లులో షిఫ్టు పనికి పోయే మనిషి, ఇంట్లోని ఆ మిషన్లంటే గిట్టేది కాదు.

మా మామకు పేటలో ఒక పేరుండేది. మిషను పక్కన స్టూలు వేసుకుని, చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడ ఏది అరిగిందో, ఏ మర వదులైందో ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. "కంటికి రంగు పూయొచ్చప్పా, చెవికి పూయలేరు" అని కొనవచ్చినవాళ్ళతో అనేవాడు. అంతా సరిగ్గా ఉందనిపిస్తే వంటింటివైపు తిరిగి కాఫీ అడిగేవాడు. ఆయన కాఫీ అడిగాడంటే ఆ మిషనుకు ఇక తిరుగులేదని టైలర్లు బేరం కూడా ఆపేసేవారు.

ఆ మామ ఎదుట నేను పడకూడదు. పడినా నోరు విప్పకూడదు. ఏం చెప్పాలన్నా అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెబుతుంది. ఆయనా అంతే. తలుపు పక్కనే నేను వింటూ ఉండగానే, చారులో ఉప్పు తక్కువైందని చెప్పమని అత్తతో అనేవాడు. అత్త నావైపు తిరిగి ఆ మాటే మళ్ళీ చెప్పేది. ఈ తతంగానికి నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. పుట్టింట్లో మా నాయన మగ్గం మీద ఉంటే నేను పక్కన కండెలు చుడుతూ పొద్దస్తమానం ఆయనతో వాదులాడేదాన్ని. మగ్గం చప్పుడులో పెరిగిన చెవి నాది, పక్క గదిలో పోగు తెగితే పడుకున్నదాన్ని లేచి చెప్పేదాన్ని. అందుకని ఆ తలుపు వెనక రాగులు విసురుతూ, చింతపండు పిసుకుతూ, షాపులోని మిషన్ల గొంతులన్నీ ఒకటొకటిగా పట్టేశాను. ఎవరూ నేర్పలేదు. నోరు కట్టేస్తే చెవి పని చేస్తుంది మరి.

యుద్ధం వచ్చాక మామను మిలిటరీ బట్టలు కుట్టే షెడ్డులో మిషన్లు చూసుకునే పనికి పిలిచారు. పెద్ద రేకుల షెడ్డట, ఆ కొస నుంచి ఈ కొస దాకా మిషన్లట, రోజంతా ఒకటే మోత. యుద్ధం ముగిసి ఆయన మళ్ళీ తన షాపులో కూర్చునేసరికి ఆ మోత ఆయన చెవులను తినేసింది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు. తెలియకపోవడానికి మా అత్త గొంతే కారణం. ఆవిడ అన్నానికి రమ్మని పిలిస్తే పక్క వీధివాళ్ళు కూడా చేతులు కడుక్కోవాల్సిందే. ఆ గొంతు మాత్రం ఆయనకు ఇంకా అందుతూ ఉండింది.

ఒకరోజు జట్కా పట్టీలు కుట్టే టైలరు ఒకడు మిషను కొనడానికి వచ్చాడు. మామ చక్రం తిప్పాడు. తలుపు వెనక నాకు స్పష్టంగా వినపడింది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక చిన్న టిక్కు. కింద దారం కండెను ఆడించే షటిలు సూదిని రాసుకుంటోంది, తోలు మీద కుడితే సూది విరిగి తీరుతుంది. మామ కళ్ళు మూసుకుని విని, తల ఊపి, కాఫీ అడిగాడు. నేను అత్త కొంగు పట్టి లాగి విషయం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"బుద్ధెరిగినప్పటి నుంచి ఆయనది ఇదే పని. ఆయనకు నువ్వు నేర్పిస్తావేమే?" అంది.

కాఫీ పోయింది, దాని వెంట మిషనూ పోయింది. వారం తిరక్కుండా ఆ టైలరు విరిగిన సూదులు గుడ్డలో మూటగట్టుకుని వచ్చాడు. నీ దారం మంచిది కాదని మామ తేల్చేశాడు. మామ చెవి మీద జనానికున్న నమ్మకం అలాంటిది, టైలరు తన దారాన్నే తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు మామ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తన తప్పును పేదవాడి దారం మీదికి నెడతాడా అని, ఆ కోపమంతా రోటి మీద చూపించాను. ఆరోజు పచ్చడి మాత్రం చాలా మెత్తగా వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికే ఆ కోపం పోయింది. అత్త మార్కెట్టుకు వెళ్ళింది, షాపులో కొనేవాళ్ళెవరూ లేరు. తలుపు సందులోంచి చూస్తే మామ ఒక మిషను ముందు వంగి ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మిషనుకు ఆనించి, దాని కట్టెపిడిని పళ్ళతో కరిచి పట్టుకుని, చేత్తో చక్రం తిప్పుతున్నాడు. ఆ ఇనుము కదలిక పళ్ళ గుండానైనా తలలోకి ఎక్కుతుందేమోనని ఆయన ఆశ. కళ్ళు మూసుకునే ఉన్నాడు, పాత అలవాటు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట అనే సామెత చెప్పుకుని మా ఇళ్ళలో ఎన్నిసార్లు నవ్వామో. ఇక్కడ కొరుకుతున్నవాడే చెవిటివాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ మనిషికి అన్నం పెట్టింది ఆ చెవే. అది పోయిందని తెలిస్తే పేటలో ఎవడూ ఆయన దగ్గర మిషను కొనడు. అంతకన్నా, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక లోలోపల ఎంత నలిగిపోతున్నాడో అని బాధేసింది.

ఆయనకు చెబుదామంటే నాకు నోరు లేదు. అత్తతో అంటే ఆవిడ గొంతుకు ఆ రహస్యం సిటీ మార్కెట్టు దాకా పాకుతుంది. నా చేతిలో ఉన్నదల్లా వంటిల్లు. తర్వాత ఒక గోనెల వ్యాపారి వచ్చినప్పుడు, తిప్పిన మిషను లోపల ఏదో వదులై కొట్టుకుంటోంది. మామ ఎప్పటిలాగే కాఫీ అడిగాడు. నేను గ్లాసు నిండా మజ్జిగ పోసి అత్త చేతికిచ్చి, కాఫీపొడి అయిపోయిందన్నాను. పొద్దునే కదా పొడి కొట్టింది అని గొణుక్కుంటూనే ఆవిడ తీసుకుపోయింది.

మామ గ్లాసు వంక చూశాడు. తలుపు వంక చూశాడు. మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, ఇంకొక దినం ఉండనీప్పా అని వ్యాపారిని పంపేసి, మిషను విప్పి కూర్చున్నాడు. సాయంత్రానికి అందులోంచి అరిగిన ఇరుసు బయటికి వచ్చింది. మర్నాడు జట్కా టైలరుకు కబురు పంపి ఆ మిషను కూడా తెప్పించుకున్నాడు. తిప్పి, కాఫీ అడిగాడు. మజ్జిగ పంపాను. షటిలు సరిచేసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ అడిగాడు. ఈసారి కాఫీయే పంపాను. ఆయన ఆ కాఫీ ఎంత నెమ్మదిగా తాగాడో నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

అప్పటి నుంచి బాగున్న మిషనుకు కాఫీ, బాగాలేనిదానికి మజ్జిగ. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆయన స్టూలును, మిషన్లను తిప్పిచూసే చోటును జరిపి జరిపి వంటింటి తలుపు పక్కకే తెచ్చుకున్నాడు. ఆ మూలన వెలుతురు బాగుందని అత్తకు చెప్పాడు. పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాల్సిన మూల అది.

అంతలో కె.ఆర్.పురం దారిలోని ఒక షెడ్డులో మిలిటరీవాళ్ళ పాత మిషన్లు వేలం వేస్తారని తెలిసింది. విడివిడిగా కాదు, కొన్ని కొన్ని కలిపి గుంపులుగా అమ్ముతారు, ఒకసారి పాడుకుంటే తిరిగి ఇచ్చేది లేదు. మామ చేతిలో ఉన్నదంతా దాని మీదే పెట్టదలిచాడు. చెడ్డ గుంపు తగిలిందా, షాపు మూసుకోవాల్సిందే. ఆ షెడ్డులో వంటిల్లు ఉండదు, మజ్జిగా ఉండదు.

వేలానికి ముందురోజు సాయంత్రం మామ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అక్కడికి రాని మనిషి. నేను గబుక్కున లేచి గోడవైపు తిరిగాను. ఏం కావాలని అత్త అడిగేలోపే, ఆవిడను దాటి నన్నే చూస్తూ అన్నాడు.

"రేపు నువ్వు కూడా రావల్లమ్మా."

అన్నేళ్ళలో ఆయన నేరుగా నాతో అన్న మొదటి మాట అది. ఆడపిల్లకు అక్కడేం పని అని అత్త అరిచింది. ఆ ఒక్కసారికి ఆవిడ గొంతు కూడా ఆయనకు వినపడలేదు.

అత్త కూడా జట్కాలో మా వెంట వచ్చింది గానీ, వాకిట్లో మిలిటరీవాళ్ళను చూసి బండి దిగనంది. లోపల అందరూ మగవాళ్ళే. తలమీద కొంగు కప్పుకుని మామ వెనకే నడిచాను. మిషన్లకు చక్రాలూ బెల్టులూ ఊడదీసి ఉన్నాయి, నడిపి వినే వీలు లేదు. అన్నిటికీ కొత్తగా నల్లరంగు కొట్టి నిగనిగలాడిస్తున్నారు. మామ ఒక గుంపు దగ్గర ఆగిపోయాడు. తోలు కుట్టే పెద్ద మిషన్లవి, యుద్ధంలో ఆయన చేత్తో నూనె పోసి నడిపిన రకం. ఆయన ముఖం వెలిగిపోయింది. వేలంపాట మొదలైంది.

నాకు ఏమీ తోచలేదు. సంతలో కుండ కొనేముందు మా అమ్మ ఏం చేసేదో అదే చేశాను. కిందపడి ఉన్న ఇనుప మరమేకు ఒకటి తీసుకుని మిషన్లను వరసగా తట్టాను. మొదటివి రెండూ ఖంగుమన్నాయి. మూడోది పగిలిన కుండ మాదిరి బొంగురుగా పలికింది. మళ్ళీ తట్టాను, అదే చప్పుడు. పోత ఇనుము పగిలితే కుండలాగే, ఇక అతకదు.

"మామా" అన్నాను మెల్లగా. అన్నేళ్ళు అణిగి ఉన్న గొంతు పైకి రాదు కదా. ఇంకోసారి అన్నాను. పాడటానికి ఆయన చెయ్యి పైకి లేస్తోంది. తాకి ఆపుదామంటే మామను కోడలు తాకకూడదు. అరుద్దామంటే పేటలో మిషన్ల వ్యాపారం చేసేవాళ్ళందరూ అక్కడే ఉన్నారు, ఆయన ఇన్నాళ్ళూ దాచుకున్నది నా నోటితోనే బజారున పడుతుంది. అరవకపోతే షాపు పోతుంది.

"మామా, వద్దు. పగిలుండాది."

మా అత్త గొంతు నాలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. బయట జట్కా గుర్రం కూడా బెదిరిందని ఆవిడే తర్వాత చెప్పింది. షెడ్డంతా తిరిగి చూసింది. మామ కూడా తిరిగాడు. నా ముఖం చూశాడు, నా చేతిలోని మరమేకును చూశాడు. చెయ్యి దించి, వచ్చి, మూడో మిషను మెడ కింద స్క్రూడ్రైవరుతో గీకాడు. రంగు పెచ్చుగా లేచింది. దాని కింద లప్పం, లప్పం కింద వెంట్రుకంత పగులు.

అవతలి నుంచి ఒక వ్యాపారి నవ్వుతూ ఏదో అన్నాడు. మామ నావైపు చూసి, ఏమంటున్నాడని అడిగాడు. మార్చి చెప్పొచ్చు. కానీ ఇన్నాళ్ళూ గ్లాసుల్లో పోసి నిజమే పంపినదాన్ని, ఇప్పుడు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన చెవి దగ్గరికి పోయి గట్టిగా చెప్పాను.

"మీకు వినపడదా అని అడుగుతా ఉండాడు మామా."

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆ వ్యాపారితో, అందరికీ వినపడేట్టుగానే అన్నాడు.

"వినపడదప్పా. రెండు చెవులూ పోయినాయి. ఇంగ మీద ఈ పిల్ల వింటాది, నేను బాగుచేస్తా."

ఎవరూ నవ్వలేదు. ఇంకో గుంపును నేను ఒక్కోటి తట్టి తల ఊపాక, ఆయన దాన్ని పాడుకున్నాడు. జట్కా ఎక్కాక సంగతంతా అత్తకు చెప్పాను. ఇంతకాలం పక్కనే ఉండి తను కనిపెట్టలేకపోయానని ఆవిడ బాధ. జట్కా మా వీధి మలుపు తిరిగేటప్పుడు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంటికి చేరాక మామ కొత్తగా కొన్న మిషను ఒకదానికి చక్రం, బెల్టు తగిలించి, తన స్టూలును నావైపు తోశాడు. మామ ఎదుట కోడలు కూర్చోవడమా అని అత్త వంక చూశాను. ఆవిడ వద్దనలేదు. కూర్చున్నాను. ఆయన చక్రం తిప్పాడు. ఎక్కడా తప్పు లేదు, మిషను హాయిగా నడిచింది. తల ఊపాను. ఇక కాఫీ అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"బాగుండాదని తెలిసిందిలేమ్మా. ఎట్ల వినిపిస్తా ఉండాదో చెప్పు. మర్చిపోతా ఉండాను."

నేను ఆయన చెవికి దగ్గరగా వంగి, గొంతెత్తి చెప్పాను. తెల్లారి మజ్జిగ చిలికినట్టుండాది మామా, కవ్వం కుండకు తగలకుండా, అన్నాను. మా నాయన మగ్గం గురించి కూడా చెప్పాను. మామా కోడళ్ళు పోట్లాడుకుంటున్నారని వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మామ చక్రం తిప్పుతూనే, కళ్ళు మూసుకుని వింటున్నాడు.