హోల్టరుకు చుట్టపు మర్యాదలు

2022 వేసవి. మాస్కులు మొహాల మీది నుంచి జేబుల్లోకి దిగుతున్న రోజులు. కర్నూలులో ఒక గుండె డాక్టరుగారి క్లినిక్‌లో నేను టెక్నీషియన్‌ని. ఈసీజీలు తీయడం, గుండె స్కాన్ తీసే ఎకో గదిలో పేషెంటును పడుకోబెట్టడం, హోల్టర్ కట్టడం నా పనులు. హోల్టర్ అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బా. ఛాతీ మీద బిళ్లలు అంటించి, వైర్లతో దానికి తగిలించి, నడుముకు కట్టి ఇంటికి పంపిస్తాం. ఒక పగలూ రాత్రీ గుండె ఎలా కొట్టుకుందో అంతా అందులో పడుతుంది. దానికో బటన్ ఉంటుంది. గుండె తేడాగా అనిపించినప్పుడల్లా పేషెంటు దాన్ని నొక్కాలి.

నాకు ఓపిక తక్కువ. ఓపిక లేనిదానివి ఆ పనిలో ఎలా నెట్టుకొస్తున్నావని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ ఏడాది ఉన్న కాస్త ఓపికా పోయింది, ఎందుకంటే నాకే గుండె తప్పడం మొదలైంది. కూర తరుగుతుంటేనో, బస్సులో కూర్చుంటేనో, ఉన్నట్టుండి ఛాతీలో ఒక ఖాళీ. ఆ వెంటనే దబ్బుమని ఒక దెబ్బ. దీన్ని ఎక్టోపిక్ అంటారు. రేషన్ షాపు వరుసలో ఎవడో మధ్యలో దూరినట్టు, ఒక దెబ్బ తన వంతు రాకముందే పడిపోతుంది. తర్వాత చిన్న విరామం వస్తుంది. ఆ విరామమే మనకు గుండె ఆగినట్టు అనిపిస్తుంది. గుండె నిర్మాణం బాగున్నవాళ్లకు అప్పుడప్పుడూ వచ్చే ఈ దెబ్బలతో సాధారణంగా ప్రమాదం ఉండదని డాక్టరుగారు రోజూ నా ముందే పదిమందికి చెప్పేవారు. నాకూ చెప్పారు. తలూపాను. బయటికి వచ్చి మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని నాడి చూసుకున్నాను. తెలిసినంత మాత్రాన భయం పోదు.

అలాంటి రోజుల్లో ఖాజా హుసేన్ వచ్చాడు. పత్తికొండ దిక్కున టమోటా మండీలో వేలం పిలిచే మనిషి. యాభై దాటిన వయసు, ఎండకు మాగిన ఒళ్లు, గోడ అవతలికి కూడా వినబడే గొంతు. మాట్లాడేది మాత్రం వెంట వచ్చిన భార్య మాబున్నీ. ఆయన కుర్చీలో కూర్చుని, కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద పెట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. చూడగానే ఒళ్లు మండింది. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టుంది మరి.

"ఒగటే పని మేడం, తింటా పట్టుకుంటాడు, పండుకోని పట్టుకుంటాడు. మనవరాలు ఎత్తుకోమని కాళ్లకు సుట్టుకుంటే, 'వద్దమ్మా, పడిపోతా' అంటాడు. మూడేండ్ల పిల్ల, దానికేం తెలుస్తాది?" అంది మాబున్నీ.

ఈసీజీ, ఎకో బాగున్నాయి. బెల్టు మీద పరుగెత్తించి చూసే టీఎంటీ పరీక్ష కూడా బాగుంది. ఒకసారి హోల్టర్ కట్టి చూద్దామన్నారు డాక్టరుగారు. బిళ్లలు అంటించడానికి ఛాతీ మీద వెంట్రుకలు గీస్తుంటే, ఖాజా హుసేన్ మెల్లగా అడిగాడు.

"మేడం, పోతాదా ఇది?"

"డాక్టరుగారిని అడగకపోయినావా అన్నా?"

"అడిగితి. పోవచ్చు, ఉండొచ్చు, భయం మాత్రం లేదు అనె. పోవచ్చు, ఉండొచ్చు అంటే ఏమని అనుకోవల్ల? బస్సు వస్తాదా అంటే రావొచ్చు, రాకపోవచ్చు అన్నెట్ల!"

నవ్వొచ్చింది. నాకూ అదే మాట చెప్పారని మాత్రం అనలేదు.

ఆయన భయం ఎక్కడ పుట్టిందో అప్పుడే చెప్పాడు. టమోటా వేలంలో ట్రేల వరుస వెంట పిలిచేవాడు ముందు నడుస్తాడు, వ్యాపారులు వెనక నడుస్తారు. ఒక రైతు సరుకు మీద ధర ఎత్తుకున్నాక, కొట్టేసి ఖరారు చేసే దాకా గొంతు తెగకూడదు. అది అక్కడి కట్టుబాటు. మధ్యలో ఆగితే, పిలిచేవాడు కొనేవాడితో సైగ కలిపి తక్కువకే వదిలేస్తున్నాడని రైతు అనుమానపడతాడు. ముప్పై ఏళ్లలో ఖాజా హుసేన్ గొంతు ఎప్పుడూ తెగలేదు. ఆ పొద్దు ధర పైకి పోతుండగా ఛాతీలో దబ్బుమంది. చెయ్యి గుండె మీదికి పోయింది. గొంతు ఆగింది.

"రైతు నా అంగీ పట్టుకున్యాడు మేడం. 'ఎవరికి అమ్ముడుపోతివప్పా' అని పదిమందిలో అనె. నేనేం చెప్పల్ల? గుండె ఆగిందంటే నగరా? ఆ దినం నుంచి మండీకి పోలేదు. పోతే మల్ల తెగుతాది."

అందరిలో పడ్డ నింద గుండె దడ కంటే ఎక్కువ బాధపెడుతోంది ఆయన్ని. ముప్పై ఏళ్లు నిలబెట్టుకున్న మాట ఒక్క విరామంలో పోయింది. వెనక్కి పోతాడా, జీవితాంతం మణికట్టు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడా అన్నదే ఆ ఇంట్లో అసలు ప్రశ్న. మాబున్నీ కళ్లు ఆ మాటే అడుగుతున్నాయి.

స్నానం వద్దనీ, బటన్ మరిచిపోవద్దనీ చెప్పి పంపించాను. నమాజు చేసుకోవచ్చా అని అడిగాడు. ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవచ్చు, ఛాతీ తడవకుండా చూసుకో అన్నాను.

మర్నాడు డబ్బా తెచ్చారు. కంప్యూటర్లో తెరిచి చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. పొద్దంతా ఒకటే వేగం, నిద్రలో ఉన్న మనిషికి లాగా. ఎక్టోపిక్కులు లేనట్టే. బటన్ అసలు నొక్కలేదు.

"అన్నా, నిన్న ఏం చేసినావు?"

మాబున్నీ గర్వంగా అందుకుంది. "ఏమీ చెయ్యనియ్యల్యా మేడం! ఫ్యాను కింద పండబెట్టినాం. టీ ఇయ్యల్యా. మాట్లాడనియ్యల్యా. పిల్లను పక్కింట్లో ఇడిస్తిమి. ఫోను తీసి బీరువాలో పెడితి. చూసేకి వచ్చినోళ్లను గూడ వాకిట్లోనే నిలబెట్టి పంపిస్తి. మిషను కట్టిన దినం మనిషి పద్ధతిగా ఉండల్ల గదా!"

ఇల్లంతా కలిసి ఆ డబ్బాకు చుట్టపు మర్యాదలు చేశారు. మొదట నవ్వాను. తర్వాత కోపం వచ్చింది.

"మనింటికి వచ్చిన వియ్యపురాలా అది? దాని ముందర పద్ధతిగా ఉండేకి? నీ రోజు ఎట్లుంటాదో చూడమని గదా కట్టింది!"

ఖాజా హుసేన్ చిన్నబోయాడు. రిపోర్టు బాగుందని డాక్టరుగారు చెబితే ఇంకా దిగాలుపడ్డాడు. "మిషనుకు దొరకల్యా అంతే. అది నాలోనే ఉండాది," అన్నాడు, వేళ్లు మళ్లీ మణికట్టు మీదికి పోతుండగా. డాక్టరుగారు, వైద్యానికి ఇది అవసరం లేకపోయినా ఈ మనిషి మనసుకు అవసరమని, ఇంకోసారి కట్టమన్నారు. టీఎంటీ బాగుంది కాబట్టి డబ్బాతోనే మండీకి పోయి వేలం పిలవమన్నారు.

"పాట మధ్యలో తెగితే మేడం?" బిళ్లలు అంటిస్తుంటే ఆయన గుండె నా చేతికి తెలుస్తోంది.

"తెగితే డబ్బాలో పడతాది. పడాలనే గదా కట్టేది."

దబాయించి చెప్పాను గానీ మర్నాడు పొద్దున నాకు ఒక చోట కాలు నిలవలేదు. డాక్టరుగారు పొమ్మన్నారు, నాదేమీ లేదు. అయినా ఈ పాటికి ట్రేల వరుస దగ్గరికి చేరి ఉంటాడు, ఈ పాటికి ధర ఎత్తుకుని ఉంటాడు అని గడియారం చూస్తూనే ఉన్నాను. ఒక ఈసీజీకి వైర్లు తారుమారుగా పెట్టి, మళ్లీ తీయాల్సి వచ్చింది. మాబున్నీకి ఫోన్ చేస్తే, "పోయినాడు మేడం. సద్ది గూడ తినకుండ పోయినాడు," అంది. దాంతో నాకు రెండు దెబ్బలు వరసగా తప్పాయి. మణికట్టు పట్టుకున్నాను.

తర్వాతి రోజు ఖాజా హుసేన్ వచ్చినప్పుడు చొక్కా మీద టమోటా మరకలు. చెమటకు ఒక బిళ్ల ఊడితే తనే ప్లాస్టర్ వేసుకున్నాడు. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, తెర చూపిస్తూ పోయాను.

వేలం సాగినంతసేపు గుండె వేగంగానే కొట్టుకుంది గానీ, అక్కడక్కడా ఒకటి రెండు తప్ప ఎక్టోపిక్కులు లేవు. అక్కడ బటన్ నొక్కిన గుర్తూ లేదు. ఆ తర్వాత కాసేపటికి మాత్రం గుంపుగా పడ్డాయి.

"అన్నా, ఇది ఏ టైము? అప్పుడు ఏం చేస్తాండావు?"

ఆలోచించాడు. "అప్పుడా... పాట అయిపోయిన్యాక. టీ కొట్టుకాడ. ఆ రైతే వచ్చినాడు మేడం, నా అంగీ పట్టుకున్న ఆయప్ప. పిలిచేకి ముందే, 'ఈ తూరి గొంతు తెగనియ్యొద్దప్పా' అనె. తెగల్యా. పాట అయినాక ఆయప్పే టీ ఇప్పిచ్చె. ఇద్దరం నగుతాంటిమి."

"గుండె తప్పింది ఇక్కడే. బటన్ నొక్కలేదే?"

"తప్పిందా?" తెరకేసి ముందుకు వంగాడు. "నాకు తెలీల్యానే!"

ఇంకొంచెం ముందుకు జరిపాను. మధ్యాహ్నం, ఇంటి అరుగు మీద ఒక్కడే ఉన్న వేళ. బటన్ గుర్తులు వరసగా ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా ఎక్టోపిక్కులే. కానీ చాలా చోట్ల గుండె గడియారంలా నడుస్తోంది. అక్కడ తప్పిందేమీ లేదు. ఆయనే చూపుడువేలు తెర మీద పెట్టి, ఒక్కొక్క గుర్తూ తడుముతూ పోయాడు.

"అంటే, నగుతాంటే వచ్చి పోయినాది, నేను చూసుకోల్యా. ఇంట్లో కాసుకోని కూచుంటే రాకపోయినా వచ్చిందంటి."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆయన గురించి మాత్రమే కావని నాకు తెలుసు. మొహం తిప్పుకుని ప్రింటర్లో కాగితం సర్దుతున్నట్టు నటించాను.

డాక్టరుగారు టీ తగ్గించమన్నారు, నిద్ర చెడగొట్టుకోవద్దన్నారు. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, దడ ఆగకుండా సాగినా వెంటనే రమ్మన్నారు. పోతాదా అని ఆయన మళ్లీ అడిగాడు. "కొందరికి పోతాయి. కొందరికి వస్తూ పోతూ ఉంటాయి. నీకు ఏదని నేను చెప్పలేను," అన్నారు డాక్టరుగారు, మళ్లీ అదే మాట.

ఒక్క రోజులో భయం ఎవరికీ పోదు. ఆయనకూ పోలేదు. ఆ ఏడాది మరికొన్నిసార్లు ఏదో వంకతో వచ్చాడు. ఈసీజీ తీయమనేవాడు, బాగుందంటే బెంచీ మీద కాసేపు కూర్చుని పోయేవాడు. కసురుకునేదాన్ని, టీ కూడా ఇప్పించేదాన్ని, సగం కప్పే. మెల్లగా రాకలు తగ్గాయి. మండీ మాత్రం మళ్లీ మానలేదు.

పోయిన ఏడాది మాబున్నీ బీపీ చూపించుకోడానికి వచ్చింది. ఖాజా హుసేన్ వెనకే నిలబడ్డాడు. మనవరాలు ఇప్పుడు పెద్దదైంది, అయినా ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఒక చేత్తో పిల్లను పట్టుకున్నాడు, ఇంకో చేతిలో మాబున్నీ ఫైలూ, మందుల సంచీ.

"పోయిందా అన్నా?" అని అడిగాను.

"అదా? వస్తాది, పోతాది మేడం." పిల్లను ఒకసారి పైకి సర్దుకున్నాడు. "నాడి పట్టుకుని చూసేకి చెయ్యి యాడ ఖాళీ ఉండాది?"

నా వేళ్లు అప్పుడు నా మణికట్టు మీదే ఉన్నాయి. తీసేసి, నిద్రలో పిల్ల కాలి నుంచి జారిపోతున్న చెప్పును పట్టుకుని మళ్లీ తొడిగాను.

పోతుందా అని అడిగేవాళ్లు ఇప్పటికీ రోజూ వస్తారు. దానికి జవాబు చెప్పాల్సింది డాక్టరుగారు. నేను మాత్రం డబ్బా కట్టాక ఒక్కటి అడుగుతాను: "రేపు ఏం పనికి పోవల్ల నువ్వు?" ఏదో ఒకటి చెబుతారు. "ఆ పనికే పో," అంటాను.