అక్క చెప్పాకే బండి కదలాలి

మా అక్కకి ఇంజన్ ఆయిల్ ఎక్కడ పోస్తారో ఇవాళ్టికీ తెలీదు. ఒకసారి అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా చూపించి "ఇందులోనేనా?" అని అడిగింది. అలాంటి మనిషి "పోనివ్వండి" అంటేనే గానీ మా షెడ్డులోంచి ఏ బండీ గేటు దాటకూడదు. ఇది బావగారు పెట్టిన రూలు. తలుచుకున్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షెడ్డు. ఇంజన్ పనంతా బావగారిది. బిల్లులూ ఫోన్లూ మా ఆయన అద్దాల క్యాబిన్‌లో కూర్చుని చూసుకుంటాడు. ఓ మూల అక్క కుట్టుమిషన్, వెనక రెక్సిన్ చుట్టలు. సీటు కవర్లు కుట్టడం ఆవిడ పని. ఎదురు మూల బల్ల నాది. పెళ్ళికి ముందు నేను కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేదాన్ని. ఇక్కడికొచ్చాక కార్లలో పాటల పెట్టెలు బిగించడం, వైరింగు చూడడం నా వంతు అయింది.

అక్క పెద్ద మాటకారి కాదు, అందగత్తె అంతకన్నా కాదు. చీర నిండా దారప్పోగులు, జడలో గుచ్చి మరిచిపోయిన గుండుసూదులు. మిషన్ ముందు కూర్చుందంటే ఇల్లు తగలబడుతున్నా కుట్టు పూర్తిచేసే లేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేదట. ఒకరోజు ఎవరి కారు సీటో చిరిగితే బావగారు తెచ్చి ముందు పడేశారట. అప్పట్నుంచీ మిషన్‌తో సహా షెడ్డుకి మారిపోయింది. ఆవిడ కుట్టిన అంచు చెయ్యి పెట్టి చూస్తే ఎక్కడ మొదలైందో తెలీదు. ఈ మాట కూడా నేను ఒప్పుకోవాలని ఒప్పుకోవడం లేదు.

బావగారికి చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఏళ్ళ తరబడి ఇంజన్ల మీద తల పెట్టి పనిచేసిన ఫలితం. ముందు కుడిది పోయింది, తర్వాత ఎడమది. చెవికి మిషన్ పెట్టించారు గానీ, షెడ్డులో సుత్తి దెబ్బ ఒక్కటి పడితే చాలు, ఆయన దాన్ని పీకి జేబులో వేసుకునేవారు. ఇక అప్పట్నుంచీ అక్కని పిలవడం మొదలైంది. చెయ్యెత్తి రెండు వేళ్ళు మడుస్తారు, అంతే. ఇల్లు తగలబడినా లేవని మనిషి సగం కుట్టు అలాగే వదిలేసి, చేతిలో కత్తెరతో సహా వచ్చి బానెట్ పక్కన కళ్ళు మూసుకుని నిలబడుతుంది.

"దగ్గుతోందండీ" అంటుంది. లేకపోతే "పళ్ళు నూరుతోంది" అంటుంది. లేదా "గొంతు పూడుకుపోయింది, పాపం" అంటుంది. ఆయన ఆవిడ పెదాలు చూసి మాట పట్టుకుంటారు. బుద్ధిగా తలూపి పానా తీస్తారు. పెద్ద వైద్యురాలు నాడి చూసి చెప్పినట్టు!

నేనేమో ఆ షెడ్డులో ఉన్న ప్రతి వైరు రంగూ చెప్పగలను. "నీకేమనిపిస్తోంది అమ్మాయ్?" అని నన్నెవరైనా అడిగారా? చెవిటాయన ముందు శంఖం ఊదినట్టే నా చదువంతా. ఒక్క బండికైనా సరే, "పోనివ్వండి" అనే ఆ మాట నా నోటి మీదుగా రావాలని నాకు పట్టుదల పుట్టింది.

పళ్ళ డాక్టరుగారి కారుతో ఆ అవకాశం దొరికింది. పాత బండి, ఆయనకి మహా ప్రేమ. "రోజంతా పంటి మిషన్ రొద విని విని చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయమ్మా. నా పాటలన్నీ అందులో ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలగకూడదు. అంతే" అన్నాడు.

నేను దానికో కంప్యూటరు తయారుచేశాను. కొన్నది కాదు, నా చేత్తో కూర్చింది. రేడియో ఉండే చోట తెర పెట్టాను, పెట్టెని సీటు కింద బిగించాను. పాటలన్నీ అందులోనే. ఇంజన్‌కి పెట్రోలు ఎంత పోవాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అనేది కూడా ఆ తెర మీదే చూసి మార్చుకునేలా, బండిలో ముందే ఉన్న ఇంజన్ పెట్టెకి వైరు కలిపాను. తాళం తిప్పగానే కరెంటు పడిపోయి తెర ఆరిపోతుంటే, దానికో చిన్న బ్యాటరీ విడిగా పెట్టాను. తివాచీ కింద నుంచి వైరు లాగలేక నేను అవస్థ పడుతుంటే, అదే కారుకి సీట్లు కుడుతున్న అక్క తన పొడుగు సూదికి వైరు కట్టి ఒక్క లాగులో అవతలికి తెచ్చి ఇచ్చింది. సాయం చేసి మరీ కడుపు మండించగల మనిషి ఆవిడ.

తెర వెలిగిన రోజు బావగారి మొహం చూడాలి. ఇంజన్ తిరుగుతుంటే గీతలు పైకీ కిందకీ కదులుతున్నాయి. ఎక్కడ పెట్రోలు ఎక్కువవుతోందో, ఎక్కడ తగ్గుతోందో రంగుల్లో కనిపిస్తోంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్కటే అడిగారు, నేను ఆయన మొహానికి ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే చెప్పాను. ఇద్దరం కలిసి సరిచేశాం. ఎత్తు మీదికి తీసుకెళ్తే బండి ఉఫ్‌మని ఎక్కేసింది.

"ఇదంతా నువ్వే చేశావా అమ్మాయ్?" అన్నారు దిగుతూ. నేను నేల మీద లేను. ఇక చెవులతో పనేముంది? కళ్ళుంటే చాలు. ఈసారి ఆ మాట నాదే అనుకున్నాను.

ఆయన షెడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తి రెండు వేళ్ళు మడిచారు.

అక్క వచ్చింది. తను కుట్టిన కొత్త సీట్లోనే దర్జాగా కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆయన పక్కనుంచి వంగి యాక్సిలరేటర్ నొక్కారు. "సన్నగా కూస్తోందండీ. నొక్కితే కూత పెరుగుతోంది" అంది.

నాకూ వినబడింది. తెర మీది గీతల ధ్యాసలో అంతవరకూ పట్టించుకోలేదు. వినబడగానే ఏమిటో కూడా తెలిసిపోయింది. అది ఇంజన్ కాదు, స్పీకర్లు. నా పెట్టె ఎర్త్ వైరు బిగించిన చోటు బాగాలేకపోతే ఇంజన్ వేగంతో పాటు స్పీకర్లలో కూత లేస్తుంది, పాట ఆపినా సరే. వైరు ఇంకోచోటికి మారిస్తే పోతుంది. అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. అక్క ఒక్కసారైనా నలుగురి ముందూ తప్పు చెప్పిందనిపించుకోవాలి. అంతకన్నా నాకేం అక్కర్లేదు.

బావగారు బెల్టు విప్పారు. తిరిగే చక్రాలన్నీ ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూశారు. మళ్ళీ బిగించారు. కూత అలాగే ఉందని అక్క చెప్పింది, మళ్ళీ విప్పారు. మధ్యాహ్నమంతా అదే తంతు. మా ఆయన క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి "డాక్టరుగారు బయల్దేరాడట, ఇంకా ఎంతసేపు?" అన్నాడు. నేను చేతులు కట్టుకుని నా బల్ల దగ్గరే కూర్చున్నాను.

డాక్టరు వచ్చాక లేచాను. అందరూ చూస్తుండగా కార్లో కూర్చుని, పాటల పెట్టె ఒక్కటీ ఆపి, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాను. కూత లేదు. మళ్ళీ పెట్టాను. కూసింది. "అక్క విన్నది ఇంజన్‌ని కాదు, స్పీకర్‌ని" అన్నాను, బావగారికి పెదాలు స్పష్టంగా కనబడేలా.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అయింది కదా, అక్క మొహం మాడిపోతుందనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "అయితే కూసింది నీ పెట్టెనా! నేను అనవసరంగా పాపం ఇంజన్‌ని ఆడిపోసుకున్నాను" అంది. డాక్టరు నవ్వాడు. ఆ నవ్వులు చూసి బావగారూ నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అన్నారా? గెలిచింది నేను, ఏడుపు కూడా నాకే వచ్చింది.

అక్క డాక్టరుకి సీట్లు చూపిస్తుంటే నేను బావగారి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "తెర మీద ఇంజన్ బాగుందని మీరే చూశారుగా బావగారూ. మరెందుకు విప్పారు?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. "తెర చూడకముందే తెలుసమ్మా. బానెట్ మీద అరచెయ్యి పెడితే ఇంజన్ సంగతి తెలిసిపోతుంది. చెవులు పోయినప్పట్నుంచీ నాకదే అలవాటు."

"మరి ఇన్నేళ్ళూ అక్కని పిలవడం ఎందుకు?"

"పిలవకపోతే రాదు కదా" అన్నారు. "మిషన్ మీద కూర్చుంటే పొద్దస్తమానం తలెత్తదు."

"సరే, పిలిచారు. లేని రోగానికి పూటంతా విప్పడమెందుకు?"

"కూస్తోందని చెప్పింది. చెప్పాక విప్పి చూడకపోతే రేపు పిలిస్తే ఎందుకొస్తుంది?" ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పినంత మామూలుగా చెప్పి, పానాలు సర్దుకోవడంలో పడ్డారు.

అబద్ధం ఎందుకు, అంతవరకూ నేను కుళ్ళుకున్నది కుళ్ళే కాదు. ఆవిడ చెవిని చూసి అనవసరంగా ఏడ్చాను. అసలు ఏడవాల్సింది వేరే ఉందని అప్పుడు తెలిసింది.

ఎర్త్ వైరు మార్చాను. కూత పోయింది. డాక్టరుగారి పాట ఒకటి పెట్టాను. స్పీకర్లు ఎంత బాగా పలికాయంటే, ఆయన సీటు సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాడు. నేను దిగి తిన్నగా క్యాబిన్ తలుపు తీశాను.

"ఏమండీ, ఒకసారి వచ్చి వినండి. పాట ఎలా వస్తోందో చెప్పండి."

మా ఆయన బిల్లు మీంచి తల ఎత్తలేదు. పాపం, విసుక్కోనూ లేదు. "నేను వినేదేముంది? నువ్వు చేసిన పనికి ఇంతవరకూ ఎవరైనా వంక పెట్టారా?" అన్నాడు.

మెచ్చుకోలే అది. ఇంకోరోజైతే వారం పాటు మురిసిపోయేదాన్ని.

"బాగుందని నాకూ తెలుసు" అన్నాను. "అయినా ఒకసారి రండి."

"తెలిసినప్పుడు ఇంక నేనెందుకే?" అన్నాడు.

దానికి జవాబు బావగారి దగ్గరుంది. వెళ్ళి కనుక్కోమని మొగుడికి నా నోటితో నేనెలా చెప్పను?