మాక్ ఇంట్లో మూడో ‘లై’

నలభై ఆరేళ్ల మార్లిన్‌ను హాంకాంగ్‌లోని మా మేడలో అందరూ "పనిపిల్లా" అనే పిలిచేవారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి, మా పక్కింటి మాక్ తాతను చూసుకుంటోంది. ఆమె పేరు పలకడానికి నోరు తిరగదట. ఆ నోళ్లే ఆఫీసులో ఇంగ్లిషు దొరల పేర్లు తడుముకోకుండా పలుకుతాయి. ఆమె మాత్రం ఎలా పిలిచినా పలికేది.

ఒకరోజు తాతను చక్రాల కుర్చీలో పార్కుకు తెచ్చి, తనే అడిగింది.

"తాతా, నాకో చైనా పేరు పెట్టరూ? మార్లిన్‌కి దగ్గరగా ఉండాలి. అది మా అమ్మ పెట్టింది."

అక్కడ చదరంగం బల్ల దగ్గర చేరిన ముసలాళ్లకు పండగైంది. వాళ్లలో హో తాత "మా-లీ-లిన్" అన్నాడు.

"అది సినిమా పోస్టరు మీది దొరసాని పేరు," మాక్ తాత కొట్టిపారేశాడు. "ముందు ఇంటిపేరు కావాలి. నాది తీసుకో. మాక్ లై-యిన్."

అందరూ ఆట ఆపేశారు. తాత కూతుళ్లు లై-కున్, లై-ఫన్. మా చైనావాళ్లలో తోబుట్టువుల పేర్లలో ఒక అక్షరం కలుస్తుంది. దాన్ని బయటివాళ్లకు ఇవ్వరు.

"ఆస్తి కూడా రాసిస్తావా?" అన్నాడు హో తాత.

"నాకున్నవి దగ్గూ, ఈ కుర్చీ. రెండూ తనే మోస్తోందిగా."

మార్లిన్ నవ్వలేదు. "అక్కలు ఒప్పుకుంటేనే తాతా. లేకపోతే నాకొద్దు."

చలికాలపు పండగ భోజనానికి కూతుళ్లిద్దరూ వచ్చారు. బియ్యప్పిండి ఉండల పాయసం ఇద్దామని నేనూ వెళ్లాను. తాత సంగతి చెప్పాడు. పెద్దమ్మాయి లై-కున్ చేతిలోని తినే పుల్లలు కింద పెట్టింది. మార్లిన్ చేప పళ్లెంతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మమ్మల్ని అడక్కుండానే పెట్టేశావా నాన్నా?"

"అడుగుతున్నాగా ఇప్పుడు."

లై-కున్ గుమ్మం వైపు తిరిగింది. "అక్కడ నిలబడ్డావేంటే? మా ఇంట్లో చిన్నది పెద్దవాళ్లను వరసపెట్టి తిందామని పిలిస్తే గాని ఎవరం ముద్ద ముట్టం. చేప చల్లారిపోతోంది."

మార్లిన్ కూర్చుంది. "తాతా, తిందాం."

"తాతెవరు?" అంది లై-ఫన్.

"నాన్నా, తిందాం. పెద్దక్కా, తిందాం. చిన్నక్కా, తిందాం."

తాత చేపలో అన్నిటికన్నా రుచైన బుగ్గ ముక్క తీసి ఆమె గిన్నెలో వేశాడు.

మర్నాడు గేటు దగ్గర కాపలావాడు "పనిపిల్లా" అనబోతే తాత కుర్చీలోంచే కర్ర ఎత్తాడు. "మాక్ లై-యిన్. పలుకు." పలికాడు. నోరు బాగానే తిరిగింది.

మనిషిగా చూడటానికి చైనా పేరు ఉండాలని నేననను. మార్లిన్ అన్నా చాలు. మీ ఇంట్లో, మీ మేడలో పనిచేసే మనిషి పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఈరోజే అడగండి. రేపటి నుంచి ఆ పేరుతోనే పిలవండి.