ఆటలో అరటిపండు

నాకు వీడియో గేములంటే పిచ్చి. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది. పెళ్ళయినా తగ్గలేదు, నలభై దాటినా తగ్గలేదు. "ఇంకా ఈ ఆటలేమిటి ఆంటీ?" అని ఆఫీసులో కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆఫీసు దగ్గర వన్-నార్త్‌లో రైలెక్కింది మొదలు ఇంటికి చేరేదాకా వాళ్ళు ఫోను మీద ఏం నొక్కుతుంటారో నేను చూడలేదా ఏమిటి!

ఒంటరిగా ఆడే ఆటలు బాగానే ఉంటాయి. కానీ ఒకే సోఫాలో ఇద్దరు కూర్చుని, మోచేతులు తగులుతుంటే, "అటు కాదే, ఇటు!" అని అరుచుకుంటూ ఆడే ఆట ముందు అవన్నీ బలాదూర్. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు రెండో కంట్రోలర్ చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. గెంతిన ప్రతిసారీ గోతిలో పడేది. పడి ఏడ్చేది. "నువ్వు అరటిపండువమ్మా, నువ్వు పడినా లెక్కలోకి రాదు" అని ఊరుకోబెట్టి, వెనక్కి వెళ్ళి లేపుకొచ్చేదాన్ని. కాకినాడలో మా వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు చంటిపిల్లలకు మేమిచ్చిన హోదా అది. ఆటలో ఉంటారు, ఓడిపోరు. ఆ మాట నాతోపాటు సముద్రం దాటి, ఈ దీవిలో చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాటు దాకా వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. నేను తెలుగులో అడిగితే, మాట చివర 'లా', 'ఆ' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. శనివారం సాయంత్రాలు హెడ్‌సెట్ తగిలించుకుని ముగ్గురు స్నేహితురాళ్ళతో ఆడుతుంది. అందులో ఒకతె ఉండేది పాసిర్ రిస్‌లో, దీవికి ఆ చివర. ఎవరిళ్ళలో వాళ్ళుంటారు. జట్టుకు నలుగురే. నేను పక్కన కుర్చీలో బట్టలు మడతపెట్టుకుంటూ ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, కుళ్ళు పుట్టేది. నాకు గెలుపులేం అక్కర్లేదు, ఆ సోఫాలో దాని పక్కన చోటు కావాలి.

మొన్న శనివారం ఒక పిల్లకి ట్యూషనట. "అమ్మా, కమ్ లా, వన్ పర్సన్ షార్ట్" అంది. చేతిలో తువ్వాలు అక్కడే పడేసి, నా లాప్‌టాప్, ఇయర్‌ఫోన్లు పట్టుకుని ఒక్క ఉదుటున దాని పక్కన చేరాను.

"ఆంటీ కెన్ ప్లే ఆ?" అని పాసిర్ రిస్ పిల్ల అనుమానంగా అడిగింది.

"షి ఈజ్ అరటిపండు," అంది మా అమ్మాయి తడుముకోకుండా. "షి డై ఆల్సో డోంట్ కౌంట్. నో నీడ్ టు సేవ్ హర్."

ఒళ్ళు మండింది. నేను నేర్పిన మాట నాకే! అయినా, పడితే లేపక్కర్లేదని నేనెప్పుడన్నానే తల్లీ? పైకి మాత్రం నవ్వేశాను. ఎలాగోలా చోటు దొరికిందిగా.

ఆ ఆటలో వరద తరుముకొస్తుంటే వంతెన దాటి పడవెక్కాలి. పడినవాళ్ళను ఎవరైనా వెనక్కొచ్చి చెయ్యిచ్చి లేపాలి. ముగ్గురు పడవెక్కితే చాలు, గెలిచినట్టే. అంటే నా అవసరం ఎవరికీ లేదు. వంతెన మధ్యలో కాలు జారి పడనే పడ్డాను. స్నేహితురాళ్ళిద్దరూ అప్పటికే పడవలో ఉన్నారు. మా అమ్మాయి ఇంకొక్క అడుగేస్తే ఎక్కేస్తుంది.

"గో, గో! లీవ్ ఆంటీ లా!"

మా అమ్మాయి బొమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. నీళ్ళకు ఎదురుగా వంతెన మీదకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, కదలకు! వస్తున్నా, వస్తున్నా!"

తెలుగులో అరిచింది. అది చెయ్యి చాపేలోపే వరద ఇద్దరినీ ముంచేసింది. ఓడిపోయాం. అవతలి పిల్లలిద్దరూ చెవులు చిల్లులు పడేలా దాన్ని తిట్టారు.

నేను ఇయర్‌ఫోన్లు తీసేశాను. "నేను అరటిపండునే కదే, ఎందుకొచ్చావు?"

అది హెడ్‌సెట్ కొంచెం పక్కకి జరిపింది. స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది.

"మర్చిపోయానమ్మా."