సుగుణమణి టీచరుగారి గ్లాసుడు నీళ్ళు

వంటింట్లో నీళ్ళ ఫిల్టరు పాడైందంటే మొన్న శుక్రవారం ఒకతను వచ్చి కొత్తది బిగించి వెళ్ళాడు. సరిగా బిగించాడో లేదో చూద్దామని గ్లాసుడు పట్టుకుని తాగాను. నాలుక చివర సన్నగా ఉప్పు తగిలింది. మస్కట్‌లో ఇదేమంత వింత కాదు. ఇక్కడ మేం తాగేదంతా సముద్రంలోంచి తీసి శుద్ధి చేసిన నీరే. కానీ ఆ గుక్క నాకు గొంతు దిగలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి అక్కడున్న స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఏమైందని మా ఆయన హాల్లోంచి అడిగితే నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నాను. ఆ మాత్రానికి ఏడవడం దేనికో ఆయనకు అర్థం కాలేదు. పాపం, ఆయనది గుంటూరు వైపు, సుగుణమణి టీచరుగారిని చూడనే లేదు. మీరూ చూసి ఉండరు కనుక మొదటినుంచీ చెప్పాలి.

మా ఊరు కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. ఆ వైపు బావి తవ్వితే మంచినీళ్ళు పడతాయో ఉప్పునీళ్ళు పడతాయో తవ్వేదాకా ఎవరికీ తెలియదు. మా క్రైస్తవుల పేటలో టీచరుగారి కొబ్బరి దొడ్లో మాత్రం తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఆ బావి తవ్వింది ఆవిడ తండ్రి. కూలి పనులు చేసుకునే మనిషి. ఊరి బావి దగ్గర మావాళ్ళు దూరంగా నిలబడితే ఎవరో ఒకరు దయతలచి కడవలో నీళ్ళు పోసే రోజులవి. ఎవరూ పోయనవసరం లేని బావి ఒకటి ఉండాలని ఆయన పగలు కూలికి పోయి, సాయంత్రాలు సొంత చేతులతో తవ్వుకున్నాడట. ఆయన తరవాత దొడ్డీ బావీ కూతురికి వచ్చాయి. ఆవిడ చదువుకుని మా ఊరి బళ్ళోనే టీచరయ్యారు. గంజి పెట్టిన నేతచీర, చేతిలో గొడుగు, మనిషి నిలువెత్తు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు.

నా చిన్నప్పుడొక ఎండాకాలం పై వీధుల్లో బావులు అడుగంటాయి. ఒకరోజు పెద్దింటి మామ్మగారు ఇత్తడి బిందె పట్టుకుని టీచరుగారి గేటు దగ్గరికి వచ్చి, లోపలికి రావాలో వద్దో తేలక నిలబడిపోయారు. ఆవిడ కొంగు పట్టుకుని మనవడు రాంబాబు. మేం పిల్లలందరం ఏం జరుగుతుందా అని కళ్ళప్పగించి చూస్తున్నాం. టీచరుగారు ఎదురు వెళ్ళి లోపలికి తీసుకొచ్చారు. మామ్మగారు అలవాటు లేని పని కావడంతో బిందె ముందుకు చాచి, కాసిని పొయ్యమ్మా అన్నారు. టీచరుగారు చేద తాడు తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చారు.

"మీరే తోడుకోండమ్మా. ఈ బావి దగ్గర ఒకరు పోస్తే ఒకరు పట్టుకోడం లేదండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని నేను చాలా ఏళ్ళు వెతికాను. లేదు. మామ్మగారు తాడు అందుకుని, రొప్పుతూ తనే తోడుకున్నారు. ఆ వేసవంతా పై వీధుల బిందెలన్నీ మా పేటకే వచ్చాయి. రాంబాబు కూడా ఆ నీళ్ళు తాగి పెరిగినవాడే, మా వెనక తరగతుల్లో ఆవిడ దగ్గరే చదువుకున్నాడు.

బళ్ళో ఆవిడకొక పద్ధతి ఉండేది. లెక్క మొత్తం బోర్డు మీద చేసి, నడుమ ఎక్కడో కావాలనే ఒక తప్పు వేసి, మా వైపు తిరిగి "సరిగ్గా ఉందా?" అని అడిగేవారు. మా వైపు మనుషుల సంగతి తెలిసిందే, ఎదుటివారి మాట కాదనడం మాకు పుట్టుకతో రాదు. తరగతి తరగతంతా "ఆయ్" అనేది. ఆవిడ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడేవారు. కోప్పడేవారు కాదు, చెరిపేవారు కాదు. ఎవరో ఒకరు లేచి తప్పని చెప్పేదాకా పాఠం ముందుకు సాగేది కాదు. ఒకరోజు ఆకలేసి, గంట కొట్టినా వదలరేమోనన్న భయంతో నేను లేచి "తప్పండి" అన్నాను. టీచరు ముఖం మీద తప్పని అనడమే! ఆవిడ మాత్రం సంబరంగా సుద్దముక్క నా చేతికిచ్చారు. ఆ తరవాత నాకది బాగా అలవాటైపోయింది, ఇంట్లో కూడా తప్పులు పట్టి మా అమ్మ చేత తిట్లు తిన్నాను. నన్ను నర్సింగులో చేర్చమని మా నాన్నను ఒప్పించింది కూడా ఆవిడే. బాగోలేనిది బాగోలేదని చెప్పగలిగే పిల్ల మంచం పక్కన ఉంటే రోగి బతుకుతాడని ఆయనకు నచ్చజెప్పారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే.

నర్సు పని మీద మస్కట్ వచ్చాక ఊరికి రాకపోకలు తగ్గాయి. అమ్మా నాన్నా పోయాక అక్కడ మాకు ఇల్లు లేదు. పెళ్ళిళ్ళకు అమలాపురం దాకా వచ్చి, టీచరుగారితో ఫోనులో మాట్లాడి, అటునుంచి అటే వెళ్ళిపోయేదాన్ని. పోయిన వేసవిలో మాత్రం ఆవిణ్ణి చూడాలనిపించి అమలాపురంలో ఆటో మాట్లాడుకున్నాను.

కాట్రేనికోన దాటాక రోడ్డు తప్పామేమోనని ఆటో ఆపించాను. అతను ఇదేనండి అన్నాడు. కాదన్నాను. నేను పుట్టి పెరిగిన ఊరి దారి నాకు తెలియదా? అటూ ఇటూ వరిచేలుండాలి. చేలు లేవు. కంటికి ఆనినంత మేరా గట్లు కట్టిన రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు, పక్షులు వాలకుండా పైన వలలు. గట్ల మీద కొబ్బరిచెట్లు మొవ్వులు ఎండి మోడుల్లా నిలబడి ఉన్నాయి. గాలంతా కుళ్ళు వాసన. దూరంగా మా చర్చి గోపురం కనబడ్డాక గాని అది మా ఊరేనని నమ్మలేదు. ఈ భూములన్నీ ఎవరు లాక్కున్నారని ఆటో అతన్ని అడిగాను.

"ఎవరూ లాక్కోలేదండి. ఎవరివి వాళ్ళే ఇచ్చేరు," అన్నాడతను.

ఆ చెరువుల మధ్య ఒక్క పచ్చటి ముక్క మిగిలి ఉంది. అది టీచరుగారి దొడ్డి. పచ్చటిదని దూరం నుంచి అనుకున్నాను గాని, దగ్గరికి వెళితే సగం చెట్ల ఆకులు పసుపెక్కి ఉన్నాయి. కింద పిందెలు రాలిపడి ఉన్నాయి. గేటు దగ్గరే ఆవిడ మేనకోడలు ప్రమీల ఎదురొచ్చింది. కొన్నాళ్ళుగా ఆవిడ దగ్గరే ఉండి చూసుకుంటోంది. కుశలం అడిగే ముందే నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"అత్తయ్యగారు బావి నీళ్ళిస్తారక్కా. ఉప్పు కషాయం. ఏమీ అనకుండా తాగేయండి. ఆవిడికి నోటి రుచి పోయింది, తెలిస్తే తట్టుకోలేరు. ఊళ్ళో అందరం అలాగే తాగేస్తున్నామండి."

ఆ బావి ఉప్పుగా మారిందా? చేలు పోయాయంటే ఏదో విధంగా సర్దుకున్నాను గాని, ఆ బావి పోవడమేమిటి?

టీచరుగారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. మనిషి సగమైపోయారు. చీర మాత్రం గంజి పెట్టిందే. నా తల నిమిరి, ప్రమీల చేత బావి నీళ్ళు తెప్పించి గ్లాసు నాకిచ్చారు. ఒక్క గుక్కకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. మొత్తం తాగేశాను. ఎలా ఉన్నాయమ్మా అని అడిగారు. చల్లగా ఉన్నాయన్నాను. ఆవిడ నన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నేనెరుగుదును.

"చల్లదనం అడగలేదు. రూతూ, నువ్వు కూడానా?"

ఉప్పగా ఉన్నాయండి, నోట పెట్టుకునేలా లేవండి అన్నాను. ఆవిడ ఊపిరి వదిలారు. గుమ్మంలో ప్రమీల చేతిలో చెంబు జారినంత పనైంది.

"నా నాలిక బాగానే ఉంది. నేను తాగేది టిన్ను నీళ్ళే," అన్నారు టీచరుగారు. "ఇవి వచ్చినవాళ్ళకి."

చెరువులు వచ్చిన కొత్తలో, ఆ ఉప్పునీళ్ళు దిగి బావులు చెడతాయి, వద్దని ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పారట. అందరూ ఆయ్ అన్నారట, మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట, మర్నాడు తవ్వుకున్నారట. తరవాత ఎవరో అధికారి వచ్చి మీటింగు పెట్టి నీళ్ళెలా ఉన్నాయని అడిగితే బాగానే ఉన్నాయండి అన్నారట అందరూ. అప్పటినుంచీ గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ గ్లాసు ఇస్తున్నారు. చెరువులవాళ్ళు తాగారు, పాస్టరుగారు తాగారు. ఒక్కరూ ఉప్పని అనలేదు. దొడ్డి చుట్టూ ఉన్న చెరువులన్నీ రాంబాబువే. ఈ దొడ్డీ ఇచ్చేయమని వస్తూనే ఉన్నాడు. ఈ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నీ నోటితో అను, ఆ రోజే ఇచ్చేస్తానని ఆవిడ అతనికి మాటిచ్చారు. అతను వచ్చినప్పుడల్లా తాగుతాడు, బాగున్నాయంటాడు, వెళ్ళిపోతాడు. వాళ్ళ మామ్మ బిందె మునిగిన బావి అది. తన చెరువుల వల్లే చెడిందని ఆవిడ ముఖం మీద ఎలా అనగలడు?

నాకు ఒళ్ళు మండింది. తండ్రి చేతులతో తవ్విన బావిని ఒక మాట కోసం పందెం పెడతారా అని అడిగాను. పెద్దావిడన్న గౌరవం కూడా మరిచిపోయాను.

"దొడ్డి ఎలాగూ చచ్చిపోతుందమ్మా. నే పోయేలోగా ఒక్కడైనా ఆ మాట అనాలి గదా," అన్నారు.

సాయంత్రం రాంబాబు వచ్చాడు. నేను వచ్చానని తెలిసి పలకరించడానికట. జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది, టీచరుగారి ముందు మాత్రం ఇంకా కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. ఎప్పటిలాగే గ్లాసు వచ్చింది. ఎప్పటిలాగే తాగాడు. ఎలా ఉన్నాయి నాయనా అని ఆవిడ అడిగారు. అతను ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు. అతను తల వంచుకుని ఖాళీ గ్లాసు వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఉప్పేనండి," అన్నాడు. "మా ఇంటి బావీ ఇంతేనండి టీచరుగారూ. మా పిల్లలకి టిన్ను నీళ్ళే పడుతున్నాం. చేసింది నేనేనండి."

టీచరుగారు కళ్ళు మూసుకున్నారు. ముఖం విప్పారింది. సుద్దముక్క చేతికిచ్చిన రోజున ఎంత సంబరపడ్డారో అంత సంబరం.

"ఆయ్. రేపొచ్చి కొలిపించుకో," అన్నారు.

అతను దొడ్డి వద్దంటాడనుకున్నాను. ఇంత ఒప్పుకున్నవాడు ఆ మాట కూడా అంటాడనుకున్నాను. అనలేదు. ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, నాకేసి చూడకుండా వెళ్ళిపోయాడు. నేను తిరిగి మస్కట్ వచ్చిన నెలలోనే దొడ్లోకి పొక్లెయిన్ దిగిందని ప్రమీల ఫోను చేసింది. టీచరుగారు కుర్చీ వేయించుకుని, చెట్లు కూలుతుంటే చూస్తూ కూర్చున్నారట. తరవాత అమలాపురంలో ప్రమీల వాళ్ళింటికి వెళ్ళి, వానాకాలం దాటే లోపల పోయారు. మీటింగు మళ్ళీ పెట్టినప్పుడు రాంబాబు లేచి నీళ్ళు చెడ్డాయన్నాడని, అతని వెనక ఇంకొందరు అన్నారని ప్రమీల చెప్పింది. చెరువుల్లో చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

మా వార్డులో రోగుల తాలూకువాళ్ళు నన్ను పక్కకు పిలిచి, మా నాన్న బతుకుతాడా సిస్టర్ అని అడుగుతుంటారు. నిజమే చెబుతాను. ఆవిడ శిష్యురాలిని మరి, తడుముకోకుండా చెబుతానని అందరూ అనుకుంటారు. కానీ ఆ సాయంత్రం రాంబాబు తల వంచుకుని కూర్చున్నంతసేపూ నేనేం చేశానో ఎవరికీ తెలియదు. కళ్ళు అతని మీదే ఉంచి, ప్రభువా, వీడి చేత బాగున్నాయనే అనిపించు అని మనసులో ప్రార్థన చేశాను. పక్క కుర్చీలో టీచరుగారు కూడా ప్రార్థన చేస్తూనే ఉండి ఉంటారు. దేవుడు ఆవిడ మాటే విన్నాడు. ఇప్పటికీ మంచం పక్కన నిజం చెప్పబోయే ముందు నా లోపల మొదట కదిలేది ఆ పాత ప్రార్థనే. అది సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పుతాను.