పసిరికల మందు జంగమ్మ

చివ్వెంల పక్కన మా ఊళ్లో జంగమ్మ చెయ్యి తగిలితే పండిన మామిడిపండు మళ్లీ పచ్చికాయ అయ్యేది. నవ్వకండి. పసుపు రంగు ఆమెను చూస్తే పారిపోయేది. పెళ్లిళ్లలో ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు కాదు, పెళ్లికొడుకు ఒంటి మీది నలుగు ఎగిరిపోతుందని. పదో తరగతి సైన్సు పేపరు దగ్గరే చదువుకు దండం పెట్టినవాణ్ణి కనుక ఇందులో ఏ సూత్రం ఉందో నన్నడగొద్దు. కానీ ఇలాంటి సంగతి చెప్పాలంటే సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా నన్ను మించినవాడు పుట్టలేదు.

జంగమ్మది మా పక్కిల్లు. గొర్లు కాసే కుటుంబం. పసిరికలకు, అదే కామెర్లకు, వాళ్ల అత్త నేర్పిన పసరు మందు ఇచ్చేది. అదీ ఆదివారం మాత్రమే, పరగడుపున. వేరే రోజు ఇస్తే మందు విరుగుతుందని అత్త మాట. ఏ ఆకో ఎవరికీ చూపకుండా నూరి, మేకపాలలో కలిపి తాగించేది. ఇక అప్పటి నుంచి చప్పిడి పథ్యం: నూనె, నెయ్యి, మాంసం ముట్టకూడదు. కళ్లు తెల్లబడ్డాక యాటను కోసుకుని పథ్యం విడవాలి.

ఒక్కతే కూతురు గోపిక. కోదాడలో ఇచ్చారు. అల్లుడు తిరుపతి అక్కడే ఆటో నడుపుతాడు. గోపిక నోరు తెరిస్తే నా నోరు మూతపడేది, అంతటి మాటకారి. ఆ పిల్లకు ఏ విందులో తిన్నా కాసేపటికి కుడి డొక్క కింద పట్టుకునేది. నొప్పి వెనక భుజం రెక్క దాకా పాకేది. గ్యాస్ అనుకుని గోలీలు మింగుతూ ఏడాది గడిపింది. చివరికి తిరుపతే కోదాడలో స్కానింగ్ తీయించాడు.

"గ్యాస్ కాదమ్మా, పిత్తాశయంలో రాళ్లున్నాయి," అన్నదట అక్కడి డాక్టరమ్మ. "నొప్పి వస్తోంది కాబట్టి ఆ తిత్తి తీయించుకోవాలి. చిన్న చిన్న రంధ్రాలతోనే అయిపోతుంది. ఆలస్యం చేస్తే రాయి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, కళ్లు పచ్చబడతాయి. దాంతో చలిజ్వరం కూడా వచ్చిందంటే ఒక్క పూట ఆగకండి."

ఆపరేషన్‌కు ముందు తల్లికి ఒక మాట చెప్పాలని గోపిక ఊరికి వచ్చింది. వచ్చేసరికే కళ్లు పచ్చబడి ఉన్నాయి. ఆ కళ్లు చూసి జంగమ్మ భయపడలేదు. మొహం వెలిగింది, ఇది తన పని అని.

"అమ్మా, యాటకు నువ్వు కార్జం మీదికెల్లి పీకేస్తవ్ సూడు, గా సేదుతిత్తి? నాది గూడ తీసేయాలంటుండ్రు," అన్నది గోపిక, కాలేయానికి అంటుకుని ఉండే చేదుతిత్తిని గుర్తుచేస్తూ.

"యాట సచ్చినంక తీస్తం బిడ్డా. బతికున్నదానికి తీస్తే అది మేస్తదా? కండ్లు పచ్చగైతే పసిరికలే. పసిరికలకు కోసుడేంది?"

"డాక్టరమ్మ ఆగొద్దన్నది."

"డాక్టరమ్మకు మా అత్త తెల్సా?"

గోపిక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆపరేషన్ మాట ఆ నవ్వులో పోయింది.

ఆదివారం పసరు తాగింది. పథ్యం పట్టింది. నొప్పి రాలేదు. కళ్లు మెల్లగా తెల్లబడ్డాయి. రాయి దానంతటదే జారిపోయిందనీ, నూనె తగలక తిత్తి ఊరుకున్నదనీ, మిగతా రాళ్లు లోపలే ఉన్నాయనీ అప్పుడు మాకెవరికి తెలుసు? జంగమ్మ మందుకు గచ్చకాయంత రాయి కరిగిపోయిందని నేను బస్టాండులో చెప్పాను. ఆ రాయి మిర్యాలగూడ రైసుమిల్లుల దాకా పోయేసరికి రోకలిబండంత అయింది.

శుక్రవారం పథ్యం విడుపు. యాటను కోశారు. జంగమ్మ కార్జాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండు వేళ్లతో ఆ ఆకుపచ్చ తిత్తిని చుక్క కారకుండా తీసి బూడిదలో పడేసింది. గోపిక చాలా రోజుల ఆకలి మీద తలకాయ కూర, బోటి తిన్నది.

పొద్దు గూకకముందే డొక్క పట్టుకుని మెలికలు తిరిగింది. తర్వాత వణుకు. రెండు గొంగళ్లు కప్పినా ఆగలేదు. తెల్లారేసరికి కళ్లు మళ్లీ పచ్చన.

తిరుపతి ఫోనులో అరుస్తున్నాడు. "చలిజ్వరం వస్తే ఆగొద్దన్నారు కదా అత్తా! నేను ఆటో తీసుకుని వచ్చేస్తున్నా."

"పథ్యం జల్ది విడిసినం, గందుకే తిరగబెట్టింది," అన్నది జంగమ్మ. "రేపు ఆదివారమే గద. రెండో మందు వడితే దిగుతది. ఈ ఒక్కపూట ఓపిక పట్టు అయ్యా."

తిరుపతి వచ్చాడు, అత్త మాట మీద కూర్చున్నాడు. వాడికీ ఆ మందు మీద నమ్మకమే, మొన్ననే వచ్చి కళ్లు తెల్లబడటం చూసిపోయినవాడు కదా. ఆదివారం పొద్దున పోసిన పసరు గోపిక పెదవుల పక్క నుంచి కారిపోయింది. ఎవరినీ గుర్తుపట్టడం లేదు. అప్పుడు ఆటోలో వేసుకుని సూర్యాపేటకు పరుగెత్తాం.

"గొట్టంలో రాయి అడ్డం పడింది. చీము రక్తంలో కలిసింది," అన్నాడు అక్కడి డాక్టరు. "ఇది నొప్పి వచ్చినరోజే..." అని ఆపేశాడు. చేయగలిగింది చేశారు. మరునాడు గోపిక పోయింది.

బయట బెంచీ దగ్గర జంగమ్మ డాక్టరును ఒకటే అడిగింది.

"గా తిత్తి తీసేస్తే మనిషి బతుకుతదా సారూ?"

"లక్షణంగా బతుకుతుందమ్మా. అన్నీ తినొచ్చు, పని చేసుకోవచ్చు."

జంగమ్మ యాట తిత్తి తీసిన తన రెండు వేళ్లకేసి చూసుకుంది. తిరుపతి ఆమెను చెయ్యిపట్టి ఆటో దాకా నడిపించాడు. తిట్టినా బాగుండేదేమో.

ఆ తర్వాత ఆమె ఆకు నూరలేదు. కానీ జనం రావడం ఆగితే కదా! మొన్న ఆదివారం త్రిపురారం నుంచి కౌసల్య అనే ఆమెను భర్త తీసుకొచ్చాడు. రోకలిబండంత రాయి కథ విని వచ్చారు. జంగమ్మ ఆమె కళ్లు చూసింది, డొక్క మీద చెయ్యి వేసింది.

"నొప్పి రెక్కల దాక వోతుందా?"

"పోతుంది పెద్దమ్మా."

"సలి పెడుతుందా?"

"నిన్నటి సంది."

"గీడ కూసోకు. సూర్యాపేట దవాఖానకు వో. ఇప్పుడే వో!"

భర్త చేతులు జోడించాడు. "బిడ్డ పోయిన దుఃఖంల అంటున్నవ్ పెద్దమ్మా. జర ఆకు నూరు."

జంగమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. నా కళ్లారా చూశాను, ఇది నా కోతల్లోది కాదు. ఆయన భయపడి వెనక్కి జరిగాడు. నేను కూడా చెప్పాను, ఆ రాయి సంగతి నేనే కల్పించానని. "నీకేం తెల్సన్నా," అన్నాడు. నేరేడుచర్లలో ఇంకొకామె ఆదివారమే మందిస్తుందట, పొద్దెక్కకముందే అందుకోవాలట. ఆటో అటే తిరిగింది. కౌసల్య ఏమైందో మాకు తెలియదు.

దుమ్ము అణిగాక, జంగమ్మను కాస్త నవ్విద్దామని మామిడిపండు సంగతి ఎత్తాను. నువ్వు ముట్టుకుంటే పండు కాయ అయ్యేదని అందరికీ చెబుతున్నానన్నాను. నా వైపు చూడకుండానే చెప్పింది:

"ఏ పండు కాయ గాలె. తగ్గేటోళ్లకు దానంతటదే తగ్గింది, నేను ఆకు నూరిన. గంతే."